మూల మడత పడిన కార్డు

మా చెల్లెలికి నాలుగేళ్ళప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరం అన్నాలు తిని చాపల మీద నడుం వాల్చి ఉండగా, అది గోడకు ఆనుకుని కూర్చుని ఆ పొద్దు చర్చిలో విన్న ప్రసంగం మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు పెద్దవాళ్ళను చూసి ఆటలాడతారు గదా, అదే అనుకున్నాం. అమ్మ నవ్వింది కూడా. కాసేపటికి ఎవరికీ నవ్వు రాలేదు. పాస్టరు అయ్యగారు ఎక్కడ ఆగారో అక్కడ ఆగింది. ఎక్కడ దగ్గారో అక్కడ దగ్గింది. నడుమ ఎవరిదో చంటిబిడ్డ ఏడ్చినందువల్ల ఆయన ఒక మాటను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అది కూడా రెండుసార్లే చెప్పింది. ముప్పావు గంట సాగింది. సగంలో నాయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. చొక్కా లేకుండా ప్రసంగం వినడం ఆయనకు తప్పనిపించినట్టుంది.

అది డెబ్బైల తొలి కాలం. ఆళ్ళగడ్డలో చర్చి ప్రహరీని ఆనుకుని ఉన్న ఇల్లు మాది. నాయన మిషన్ బడిలో అయ్యవారు, చర్చిలో పెద్ద. ఇంట్లో అమ్మ, నాయన్ను కన్న అవ్వ, నేను, నాకంటే ఆరేళ్ళు చిన్నదైన చెల్లెలు. నేను అవ్వ ఒళ్ళో పెరిగాను. చెల్లెలు ఎవరి ఒళ్ళోనూ పెరిగినట్టు నాకు గుర్తు లేదు. అది ఒక మూల కూర్చుని, వింటూ పెరిగింది.

మొదట్లో అందరికీ గర్వమే. నాయన దాన్ని వెంటబెట్టుకుని ఇళ్ళల్లో జరిగే ప్రార్థనలకు తీసుకుపోయేవాడు. కంఠత పోటీల్లో పెద్దపిల్లలందరి బహుమానాలూ అదే ఎత్తుకొచ్చేది. వాటిల్లో ఒకటి నాది, అది నేను మరిచిపోలేదు. నిజానికి దానికి జ్ఞాపకం ఒక్కటే కాదు. నేను ఎనిమిదో తరగతి లెక్కలతో తల బద్దలు కొట్టుకుంటుంటే, మూడో తరగతిలో ఉన్నది వెనకనుంచి తొంగిచూసి జవాబు చెప్పి పోయేది. ఎట్ల వచ్చిందని అడిగితే భుజాలు ఎగరేసేది. ఆ తెలివి ఎవరికీ పట్టలేదు. లెక్కకు జవాబు ఎవరికి కావాలి? ఊళ్ళో అందరికీ కావలసింది ఇంకొకటి, అది తొందరలోనే బయటపడింది.

చెల్లెలికి ఏడో ఏడు నడుస్తుండగా, జొన్నకోతల కాలంలో, ఆ దగ్గే అయ్యగారు చనిపోయారు. నలభయ్యో దినం కూడిక అయిన మరుసటి రోజు దీపాలు పెట్టే వేళకు ఆయన భార్య, మేమంతా పాస్టరమ్మ అని పిలిచే ఆమె, మా ఇంటికొచ్చింది. అమ్మతో ఏవో కుశలాలు మాట్లాడింది. మంచినీళ్ళు తాగింది. లేవబోతూ చెల్లెలి ముందు చతికిలబడి, ఆయన చివరి ఆదివారం చెప్పింది చెప్తావా పాపా అని అడిగింది.

చెల్లెలు ఆమెను ఒకసారి చూసి, "యాడనుంచి?" అంది.

పాస్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దగ్గు కాడ్నుంచి" అంది.

గొంతు చెల్లెలిదే, ఏడేళ్ళ పిల్ల సన్నగొంతు. ఊపిరి మాత్రం ఆయనది. ఆయన మాటకు ముందు ముక్కుతో గాలి పీల్చి ఒక క్షణం బిగబట్టేవారు. అదీ బిగబట్టింది. మా ఇంట్లో ఆ దినం చిమ్నీ దీపం కింద నేను విన్నది నా చెల్లెల్ని కాదు. నేను జరిగి అమ్మ పక్కకు చేరాను. పాస్టరమ్మ మాత్రం కళ్ళు మూసుకుని, మొగుడు పక్క గదిలో మాట్లాడుతుంటే వింటున్న ఆడదాని మాదిరి, హాయిగా తల ఊపుతూ కూర్చుంది. అయిపోయాక చెల్లెలు మామూలుగా, "ఇంగేమన్నా కావల్నా?" అని అడిగింది. అంగట్లో సామాను కట్టి ఇచ్చేవాళ్ళు అడుగుతారే, అట్లా.

ఇక వరస కట్టారు. బావిలో పడి పోయిన కొడుకు హార్మోనియం పెట్టె పట్టుకుని పాడిన పాట కోసం ఒక తల్లి వచ్చింది. మొగుడు ఇళ్ళ ప్రార్థనలో చెప్పిన సాక్ష్యం కోసం పత్తిచేలో కూలికి పోయే ఆమె వచ్చింది. బజారులో కిరాణా అంగడి శెట్టిగారి కూతురైతే దొడ్డిదారిన వచ్చేది, క్రైస్తవుల ఇంట్లో ఆమెకేం పని అని ఎవరైనా అడుగుతారని. వాళ్ళ నాయన గల్లా దగ్గర కూర్చుని, ఒకసారి అమ్మతో పోయిన చెల్లెలికి బెల్లం ముక్క ఇచ్చి రెండు మాటలు అన్నాడట. ఆయన పోయాక ఆ రెండు మాటల కోసం ఆమె ఆరుసార్లు వచ్చింది. చనిపోయినవాళ్ళతో మాట్లాడటం పాపమని చర్చిలో వింటూనే ఉన్నాం. ఇది మాట్లాడటం కాదు, వినడమే గదా అని పెద్దలు సర్దిచెప్పుకున్నారు. మనసుకు కావలసిన పనికి వాక్యం వెతుక్కోవడం మావాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

దీపాల వేళకు గేటు కిర్రుమంటే చెల్లెలు చేతిలో ఏముంటే అది కింద పెట్టి, మొహం కడుక్కుని, వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. ఆడుకోవడం మానేసింది. ఒకసారి అమ్మను "కోడలా" అని పిలిచింది. అప్పటికి అవ్వ పోయి రెండు నెలలు. అమ్మ చేతిలోంచి చెంబు జారిపోయింది. ఇంకో దినం నేను బట్టలు ఉతుకుతుంటే పక్కన కూర్చుని, "అక్కా, నేనెట్ల నవ్వుతా?" అని అడిగింది. నాకేం తెలుసు పో అన్నాను. తర్వాత ఎంత ఆలోచించినా నాకూ ఆ నవ్వు గుర్తు రాలేదు.

వచ్చేవాళ్ళందరినీ నేను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. పాపను పీక్కుతింటున్నారని అమ్మతో పోట్లాడేదాన్ని. ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. గురువారం సాయంత్రాలు అమ్మ స్త్రీల కూడికకు పోయేది. ఆ వేళ నేను దువ్వెన తీసుకుని చెల్లెల్ని వెనకపక్కకు పిలుచుకుపోయి, ఉతికే బండ మీద దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. అది నా జడ విప్పి దువ్వుతూ అవ్వను చెప్పేది.

అవ్వ గొప్ప మాటలేమీ చెప్పిన మనిషి కాదు. "దూలం మాదిరి పెరిగినావ్, నెత్తి దువ్వుకోనీకి చేతకాదా మే. కదలాకు. కదిలితే దువ్వెన్తోనే ఒకటిస్తా. నీళ్ళు తోడినావా? తోడింటావులే, తోడింటావు." అంతే. ఆ రెండో "తోడింటావు" దగ్గర అవ్వ గొంతు కొంచెం కిందికి దిగేది, నవ్వు ఆపుకుంటున్నట్టు. చెల్లెలిదీ దిగేది. నేను ఏడ్చేదాన్ని. ఎంత సుఖంగా ఏడ్చేదాన్నో చెప్పలేను. వెనక్కి తిరిగి చూడకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను, ఎందుకంటే ఒక్కసారి చూశాను. చెల్లెలి కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు. పెదాలు మాత్రం ఆడుతున్నాయి. మళ్ళీ ఎప్పుడూ తిరగలేదు. మానేయనూ లేదు.

చెల్లెలికి తొమ్మిదేళ్ళు వచ్చాక బడికి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు దాన్ని లేపి ఏదో అడిగారు. ఆయన ఆ ముందటేడు వచ్చినప్పుడు హెడ్మాస్టరును గదిలోకి పిలిచి ఏమేమి అన్నారో, అది వరండాలో నిలబడి విన్నదంతా, అప్పజెప్పింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదని నాయన ఇంటికొచ్చి చెప్పాడు. కానీ ఆయన మంచివాడు. కోపం తెచ్చుకోలేదు. బోర్డు మీద నాలుగు లెక్కలు వేసి, అవి చేస్తుంటే దాన్ని చూసి, నంద్యాలలో తనకు తెలిసినవాళ్ళకు ఉత్తరం రాశారు.

వాళ్ళది మేధావుల సమితి. ఎక్కడో పెద్ద ఊళ్ళో మొదలైందట, నంద్యాలలో ఏడెనిమిది మంది సభ్యులు. ఐక్యూ అనే మాట మా ఇంట్లో మొదటిసారి వినబడింది అప్పుడే. అమ్మ అది ఏదో జబ్బు పేరనుకుంది. పరీక్ష కాగితాలు టపాలో వచ్చాయి. మాటలు లేవు, అన్నీ బొమ్మలే. గళ్ళు, త్రికోణాలు, తిరగేసిన గీతలు. ఇన్‌స్పెక్టరుగారే గడియారం పెట్టుకుని కూర్చుని రాయించారు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. పాపను సభ్యురాలిగా చేర్చుకుంటామనీ, నంద్యాలలో ఆడపిల్లల బడి హాస్టల్లో సీటు చూస్తామనీ, సాయంత్రాలు సమితిలోనే చదువు చెబుతామనీ రాశారు. ముందు ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నారు.

చేర్చడమంటే పంపించడమే. ఆ సంగతి నాయనకు అర్థమైంది, అమ్మకు అర్థమైంది. అందరికంటే ముందు నాకు అర్థమైంది.

ఒక శనివారం నాయన, నేను, చెల్లెలు బస్సెక్కాం. నన్ను ఎందుకు తీసుకుపోయాడంటే చెల్లెలికి బస్సు పడదు, డోకు వస్తే పట్టుకోవడానికి. శిరివెళ్ళ దాకా అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. నంద్యాలలో ఒక విత్తనాల అంగడి మీద మేడగది. మెట్లెక్కుతుంటే పత్తి విత్తనాల వాసన. పైన చాపలు పరిచి ఉన్నాయి. ఆ విత్తనాల అంగడి నడిపే శెట్టిగారు, రైల్వేలో పనిచేసే ఒకాయన, ఇంకా ముగ్గురు మగవాళ్ళు, కాలేజీలో లెక్కలు చెప్పే ఒక మేడమ్. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. తలా ఒక కాగితం ముందు వేసుకుని ఏవో చిక్కులు విప్పుకుంటున్నారు. మేము లోపలికి పోయినా ఒకరిద్దరు తప్ప తలెత్తలేదు.  ఇదేం ఇల్లురా దేవుడా, ఇక్కడ బతికున్నవాళ్ళే మాట్లాడటం లేదు అనుకున్నాను.

మేడమ్ చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని అగ్గిపుల్లలతో ఒక ఆకారం పేర్చింది. రెండు పుల్లలు మాత్రం కదిలించి దాన్ని ఇంకోటి చెయ్యమంది. చెల్లెలు చేసింది. మేడమ్ ఇంకొకటి పేర్చింది. చెల్లెలు అదీ చేసి, తనే ఒకటి పేర్చి ఆమె ముందు పెట్టింది. మేడమ్ చాలాసేపు చూసింది. రాలేదు. రైల్వే ఆయన వచ్చి చూశాడు. ఆయనకూ రాలేదు. విత్తనాల శెట్టిగారు చిటికెడు ముక్కుపొడి పీల్చి, ఇది కాదులే పాపా, ఇది అయ్యే పని కాదు అన్నాడు. చెల్లెలు ఒక పుల్ల తీసి పక్కన పెట్టింది. అప్పుడు అందరికీ ఒక్కసారే తెలిసింది.

చెల్లెలు నవ్వింది. పిల్లికూన తుమ్మినట్టు, చిన్నచిన్న ముక్కలుగా. అంతకుముందు నేను ఎవరి దగ్గరా వినని నవ్వు. నాయన నావైపు చూశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు కూడా సంతోషమే కలగాలి. కలగలేదు.

దిగేముందు మేడమ్ మమ్మల్ని మెట్ల దగ్గర ఆపింది. ఆళ్ళగడ్డలో జరుగుతున్నది ఇన్‌స్పెక్టరుగారి ద్వారా ఆమెకు తెలిసినట్టుంది. "అయ్యవారూ, ఈ పాపకు బుర్ర ఉండాది. మీ ఊర్లో అందరూ దాన్ని సామాన్లు పెట్టుకునే గది చేసుకున్నారు. తన సామాను పెట్టుకోనీకి దానికే జాగా లేదు. ఇంగో రెండేండ్లు ఆడ ఉంటే ఇది మిగల్దు" అంది. నాయన తల ఊపాడు. తిరుగు బస్సెక్కాం. చెల్లెలికి ఆ సారి డోకు రాలేదు. కిటికీలోంచి చూస్తూ వేళ్ళతో గాలిలో పుల్లలు కదిలిస్తూ కూర్చుంది.

ఇంట్లో మూడు వారాలు అదే రగడ. నాయన పంపిద్దామన్నాడు. తొమ్మిదేళ్ళ ఆడపిల్లను హాస్టల్లో ఎట్ల వదుల్తామని అమ్మ. దేవుడిచ్చింది దేవుడి మందిరంలోనే వాడాలని కూడా అంది, కానీ అసలు కారణం మొదటిదే. సంగతి చర్చిలో పొక్కింది. ఆరాధన అయ్యాక పెద్దలు నాయన్ను చుట్టుముట్టారు. పాస్టరమ్మ మాత్రం ఇంటికే వచ్చింది. ఆ దినం ఆమె కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు. "బిడ్డను పంపిస్తాండావంట గదా అయ్యవారా. బిడ్డనొక్కదాన్నే కాదు, మావాళ్ళందర్నీ పంపిస్తాండావ్" అంది. అంత మెల్లగా అంది. నాయన ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు.

చివరికి ఆయన వాగ్దానాల పెట్టె తీస్తానన్నాడు. మావాళ్ళ ఇళ్ళల్లో ఉండేదే. చిన్న చెక్కపెట్టెలో వేలెడంత కార్డులు నిలబెట్టి ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక వాక్యం. కొత్త సంవత్సరం నాడు ఒక్కొక్కరి పేరున ఒక కార్డు తీస్తాం. ఆ ఏడాదికి అదే వాళ్ళ వాగ్దానం. ఎటూ తేలని పని పడినప్పుడు కూడా తీస్తాం. బయలుదేరమనే అర్థం వస్తే సరే, నిలిచి ఉండమని వస్తే ఆగిపోవడం, ఏదీ రాకపోతే మళ్ళీ తీయడం. కిరాణా శెట్టిగారి ఇంటి ఆడవాళ్ళు గుళ్ళో రెండు పూలపొట్లాలు పెట్టి పిల్లలతో ఒకటి తీయిస్తారు. వాళ్ళదేమో మూఢనమ్మకం, మాదేమో విశ్వాసం. నాయన ముందు ఈ మాట అని ఒకసారి దెబ్బలు తిన్నాను.

మా ఇంట్లో కార్డు తీసేది ఎప్పుడూ అందరికంటే చిన్నవాళ్ళు. చిన్నపిల్లల చేతికి కోరిక ఉండదని అవ్వ పెట్టిన పద్ధతి. ఆ చేతిని దేవుడు నడిపిస్తాడు. కాబట్టి చెల్లెలి సంగతి తేల్చే కార్డును చెల్లెలే తీయాలి. మూడేళ్ళనుంచి మా ఇంటి కార్డులన్నీ తీస్తున్నది అదే. ప్రసంగంలో దగ్గు ఎక్కడ వచ్చిందో మరిచిపోని పిల్ల, అరవై కార్డుల వీపులు మరిచిపోతుందని మేమెట్లా అనుకున్నామో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. మా వంశంలో ఇంతకంటే తెలివితక్కువ పని జరిగి ఉండదు.

కార్డు తీయాల్సిన దినం సాయంత్రం నేను వెనకపక్క నీళ్ళు తోడి, చెంబెత్తి తాగుతున్నాను. చెల్లెలు వచ్చి నిలబడింది.

"అక్కా, ఏది తీయల్ల?" అంది.

అర్థం కాలేదు. ఏదంటే ఏంది, చేతికి వచ్చింది తియ్యి అన్నాను. అది ఓపికగా చెప్పింది. పసుపు మరక ఉన్నది వెళ్ళమనే వాక్యం. మూల మడత పడింది ఉండమనే వాక్యం. ఈసారి తనకు ఏది తీయాలో తెలియడం లేదు. అమ్మకు ఒకటి కావాలి, నాయనకు ఒకటి కావాలి.

మరి ఇన్నేళ్ళూ ఎట్ల తీశావని అడిగాను. ఎవరికి ఏది కావాలో అదే తీశానంది. అమ్మకు కడుపు పోయిన ఏడు ఓదార్పు కార్డు వచ్చి, దేవుడు నన్ను చూస్తున్నాడని అమ్మ రోజంతా ఏడ్చింది. నాకు గుర్తొచ్చింది. అవ్వ పోయిన ఏడు, ఇంకా జనవరిలోనే, అవ్వ కులాసాగా తిరుగుతున్నప్పుడే, ఆమె పేరున విశ్రాంతి గురించిన కార్డు వచ్చింది. అదీ గుర్తొచ్చింది.  అవ్వకు అది ఎందుకు తీశావే అన్నాను.

"అవ్వ ఊపిరి మారింది గదక్కా" అంది. నాకు వినబడలేదా అన్నట్టు చూసింది.

ఆరేళ్ళు, ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళ వయసులో అది మా ఇంట్లో దేవుడి పని చేసింది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి చేతకాక నా దగ్గరకొచ్చింది. నీకు ఏది కావాలని అడగడం నా పని. అక్కను గదా. ఆ మేడమీద నవ్వు విన్నదాన్ని గదా. దానికి ఏది కావాలో నాకు తెలుసు, అందుకే అడగలేదు. దాని వెనక ఉతికే బండ కనిపిస్తోంది. రాబోయే గురువారాలన్నీ కనిపించాయి, ఖాళీగా.

"మూల మడత పడింది తీయి" అన్నాను. చెంబెత్తి ఒక గుక్క మింగాను. "నువ్వు పోతే నాకు నెత్తి ఎవరు దువ్వుతారు?"

చెల్లెలు సరే అంది. అంత తేలిగ్గా.

ప్రార్థన అయ్యాక నాయన పెట్టె తెరిచి దాని ముందు పెట్టాడు. చెల్లెలు కళ్ళు మూసుకుంది, మేము నేర్పిన పద్ధతి ప్రకారం. కళ్ళు మూసుకునే వేళ్ళతో అంచులు తడుముకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. నేను నేల బండల వంక చూశాను. నాయన కార్డు అందుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని స్తోత్రం చెప్పింది. నాయన మరునాడే నంద్యాలకు ఉత్తరం రాసేశాడు. దేవుడి చిత్తం కాదని రాశాడు.

ఆ గురువారం అమ్మ కూడికకు పోగానే నేను దువ్వెన పట్టుకుని బండ మీద కూర్చున్నాను. చెల్లెలు వచ్చి జడ విప్పింది. చిక్కులు తీసింది. నూనె రాసింది. ఎంత శ్రద్ధగా దువ్విందో. మాట మాత్రం లేదు. చెప్పవే అన్నాను. ఏంది అంది. అవ్వది అన్నాను.

"గుర్తు లేదక్కా."

నవ్వులాటకు అంటుందనుకున్నాను. తిరిగి దాని మొహం చూశాను. మామూలు పిల్ల మొహం, నన్నే చూస్తోంది. జడ అల్లి, కొసకు రిబ్బను కట్టి, లోపలికి పోయింది. ఆ దినం దీపాల వేళకు పాస్టరమ్మ వచ్చింది. ఆమెకూ అదే జవాబు. పత్తిచేను ఆమెకూ అదే. శెట్టిగారి కూతురు దొడ్డిగుమ్మంలో నిలబడి రెండు మాటలే గదమ్మా అని బతిమాలింది. చెల్లెలు మర్యాదగా, గుర్తు లేదక్కా అంది. నెల రోజులు వచ్చారు, మానేశారు. నాయన గర్వపడినందుకు దేవుడు ఇచ్చింది తీసేసుకున్నాడని చర్చిలో అనుకున్నారు. నాయన కూడా అదే నమ్మి, పెద్దరికం వదులుకుని వెనక వరసకు మారాడు. బడిలో చెల్లెలు అందరితో పాటు తప్పులు చేయడం మొదలుపెట్టింది. పదో తరగతి మామూలు మార్కులతో గట్టెక్కింది. నేను పెళ్ళయి రుద్రవరం వెళ్ళిపోయాను. ఊపిరి పీల్చుకున్నానని కూడా ఒప్పుకుంటాను. ఆ జ్ఞాపకం నిజంగానే పోయుంటే కార్డు తీసిన దినం బండ దగ్గర నేనన్న మాట కూడా పోయినట్టే గదా.

ఎనభైల చివర్లో అమ్మ పోయింది. చెల్లెలు అప్పటికి నంద్యాల టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయిన మూడు నెలలకు నేను బస్సెక్కి దాని దగ్గరకు పోయాను. చీరలు కొనడానికని ఇంట్లో చెప్పాను. ఎందుకు పోతున్నానో నాకు తెలుసు. అమ్మ గొంతు నాకు జారిపోతోంది. మొహం ఉంది, చేతులున్నాయి, గొంతు లేదు.

దాని డ్యూటీ అయిపోవడానికి ఇంకా పది నిమిషాలుంది. వెనక బెంచీ మీద కూర్చోమని సైగ చేసింది. కూర్చుని చూశాను. కాల్ వచ్చినప్పుడల్లా ఎడమచేత్తో డైరెక్టరీ తెరిచి పుటలు తిప్పేది, కుడిచేత్తో బోర్డులో తీగ గుచ్చేది. కాసేపటికి గాని నాకు తెలియలేదు. అది ఏ పుట తెరిచినా పుట వంక చూడటం లేదు. ఒకసారి పుస్తకం తలకిందులుగా ఉంది.

డ్యూటీ దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంట్లోవాళ్ళను అడిగింది. నేను జవాబులు చెప్పి, ఇక ఆపుకోలేక దాని చెయ్యి పట్టుకున్నాను. అమ్మది ఒక్కటి చెప్పవే అన్నాను. ఏదైనా సరే, పిలిచిందైనా, తిట్టిందైనా. నీకు గుర్తుందని నాకు తెలుసు అన్నాను.

చెల్లెలు చెయ్యి విడిపించుకోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పదిహేనేళ్ళ పిల్ల గొంతు, కొంచెం పొగరుగా, కొంచెం భయంగా ఉన్న గొంతు వచ్చింది.

"మూల మడత పడింది తీయి." ఆగింది. ఒక గుక్క మింగింది. చెంబులో నీళ్ళ చప్పుడు కూడా నాకు వినబడింది. "నువ్వు పోతే నాకు నెత్తి ఎవరు దువ్వుతారు?"

అంతకాలం తర్వాత నా గొంతు నేనే విన్నాను. అందులో ప్రేమ ఉందనుకున్నాను ఇన్నేళ్ళూ. ఒక్క పిసరు లేదు.

చెల్లెలు కళ్ళు మళ్ళీ నా మీద నిలిచాయి. అంగట్లో సామాను కట్టి ఇచ్చినట్టే అడిగింది.

"ఇంగేమన్నా కావల్నా అక్కా?"

వద్దన్నాను.